ఆదిలాబాద్ టేకు, నీలంబూరు టేకు: ఒకే చెట్టు కర్రలో ఇంత తేడా ఎందుకు?

క్లుప్తంగా: టేకు అంతా ఒకే జాతి. అయినా ఒక్కో ప్రాంతపు కర్రకు ఒక్కో రంగు, బరువు, నారల తీరు ఉంటాయి. ఈ తేడాలో కొంత విత్తనం నుంచి, కొంత నేల, వానల నుంచి, చాలా భాగం చెట్టు వయసు నుంచి వస్తుంది. ఒకే తోటలో పక్కపక్కన ఉన్న రెండు చెట్ల మధ్య తేడా కొన్నిసార్లు రెండు రాష్ట్రాల టేకు మధ్య ఉన్న తేడా కన్నా ఎక్కువ. అందుకే ఊరి పేరు ఒక్కటే చూసి కర్ర నాణ్యత తేల్చడం కుదరదు.

2023 మార్చిలో అయోధ్య రామాలయం కోసం మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలోని బల్లార్షా డిపో నుంచి టేకు బయల్దేరింది. ఆ కర్రతో తలుపులు చేసే పని హైదరాబాద్‌కు చెందిన ఒక కలప సంస్థకు దక్కింది. దేశంలో ఇన్నిచోట్ల టేకు ఉండగా చంద్రపూర్ అడవుల కర్రే ఎందుకని అప్పట్లో చాలామందికి సందేహం వచ్చింది. ఇల్లు కట్టుకునేవాళ్లకు ఇది కొత్త సందేహమేమీ కాదు. గుమ్మాల కోసం అడితికి వెళ్తే సీపీ (పాత సెంట్రల్ ప్రావిన్సెస్) టేకు, బల్లార్షా టేకు, బర్మా టేకు, ఘనా టేకు అంటూ పేరుకో ధర చెబుతారు. పొలం గట్టున టేకు వేసే రైతుకూ ఇదే చిక్కు. నర్సరీలో ఇచ్చే మొక్క కేరళలోని నీలంబూరు విత్తనమో, ఆదిలాబాద్ విత్తనమో తెలుసుకోవడం వల్ల ఏమైనా లాభం ఉందా? దీనికి జవాబు కావాలంటే కర్ర లోపలికి చూడాలి.

ఒకే జాతి, ఎన్నో ఊళ్లు

టేకు సహజంగా పెరిగే దేశాలు నాలుగే: భారత్, మయన్మార్, థాయిలాండ్, లావోస్. ఇండోనేషియాలోని జావాలో కూడా పెద్ద టేకు అడవులున్నాయి. అయితే అక్కడికి ఈ చెట్టును శతాబ్దాల క్రితం మనుషులే తీసుకెళ్లారని ఎక్కువమంది శాస్త్రవేత్తల అభిప్రాయం. మన దేశంలో రాజస్థాన్ దక్షిణ కొస నుంచి కేరళ దాకా, తూర్పున ఒడిశా దాకా ఇది విస్తరించి ఉంది. ఏడాదికి 900 మిల్లీమీటర్లు కూడా పడని చోట టేకు బతుకుతుంది, 2,500 దాటిన చోటా బతుకుతుంది. అటవీ శాస్త్రంలో వానను బట్టి దీన్ని అతి పొడి, పొడి, ఓ మోస్తరు తేమ, తేమ, అతి తేమ టేకు అడవులుగా విడదీస్తారు. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా, చంద్రపూర్ అడవులు పొడి రకం వైపు ఉంటే, నీలంబూరు మరో కొసన ఉంటుంది.

జన్యు పరీక్షల్లోనూ ఈ దూరం కనిపించింది. భారతదేశపు టేకు ఒక పెద్ద గుంపుగా, థాయిలాండ్, లావోస్ టేకు మరో గుంపుగా విడిపోతాయి. మన గుంపులోనే మళ్లీ ఉత్తరాది, దక్షిణాది అన్న చీలిక ఉంది. వేల ఏళ్లుగా ఒకదాని పుప్పొడి మరోదాన్ని చేరనంత దూరంలో, వేర్వేరు వానల కింద పెరిగిన చెట్లు ఇవి. కాబట్టి వాటి మధ్య పుట్టుకతో వచ్చిన తేడాలు ఉండటం సహజం.

మార్కెట్‌లో వినిపించే దేశాల పేర్లు మాత్రం ఇంత సూటిగా ఉండవు. ట్రినిడాడ్‌కు 1913లో బర్మాలోని తెనసరిమ్ నుంచి విత్తనం వెళ్లింది, అక్కడి నుంచి మధ్య అమెరికా దేశాలకు పాకింది. పనామాకు 1926లో శ్రీలంక నుంచి వెళ్లింది. శ్రీలంకలో టేకు సహజంగా పెరగదు, అంటే అది కూడా వేరే చోటి నుంచి వచ్చిన సరుకే. ఆఫ్రికా తోటల్లో చాలా వాటి మూలం భారతదేశమేనని జన్యు పోలికల్లో తేలింది. అలా చూస్తే ఆఫ్రికా టేకు పేరుతో మన ఓడరేవుల్లో దిగే దుంగల్లో కొన్నింటి పూర్వీకులు మన అడవుల్లోనే ఉండి ఉండాలి. జాతి ఒకటే, ఒక్కోసారి వంశం కూడా ఒకటే. అయినా కర్ర ఒకలా ఉండదు.

కర్రలో ఏముంది?

టేకు దుంగ కోసిన ముఖాన్ని పదునైన బ్లేడుతో నున్నగా చెక్కి, కాస్త తడిపి భూతద్దంతో చూస్తే ముందు కంటపడేవి గుండ్రటి వరుసల్లో ఉన్న చిన్న చిన్న రంధ్రాలు. ఇవి వేరు నుంచి ఆకుకు నీళ్లు మోసే దారునాళాలు. సీజన్ మొదట్లో పుట్టే నాళాలు పెద్దవి, వాటి వెడల్పు మిల్లీమీటరులో పావు వంతు నుంచి మూడో వంతు దాకా ఉంటుంది, అందుకే మామూలు కంటికే ఆనుతాయి. సీజన్ సాగేకొద్దీ నాళాలు చిన్నవై, దూరం దూరంగా జరుగుతాయి. వాటి మధ్య చోటంతా ముదురుగా, నున్నగా కనిపిస్తుంది. ఆ ముదురు భాగమే నారలు, కర్రకు బలాన్నిచ్చేవి అవే. ఒక వరుస పెద్ద రంధ్రాలు, దాని వెనక నారల పట్టీ కలిస్తే ఒక వార్షిక వలయం.

ఈ నారలు విడివిడిగా ఎలా ఉంటాయో చూడాలంటే ప్రయోగశాలకు వెళ్లాల్సిందే. అగ్గిపుల్లంత చీలికను హైడ్రోజన్ పెరాక్సైడ్, ఎసిటిక్ ఆమ్లం కలిపిన ద్రవంలో వేసి వేడిమి మీద ఉంచుతారు. కణాలను ఒకదానికొకటి అంటించి ఉంచే లిగ్నిన్ అనే పదార్థం కరిగిపోయి, చీలిక తెల్లబడి మెత్తని పీచులా తయారవుతుంది. దాన్ని నీళ్లలో కదిపి, రంగు వేసి, గాజు పలక మీద పరిచి, సూక్ష్మదర్శిని కింద ఒక్కో నారను కొలుస్తారు. టేకు నార పొడవు మామూలుగా 1 నుంచి 1.4 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. వెడల్పు 20 నుంచి 30 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), గోడ మందం సుమారు 4 నుంచి 6 మైక్రాన్లు. రెండు కొసలూ మొనదేలి, మధ్యలో సన్నటి అడ్డుపొరలు ఉంటాయి.

ఈ కొలతల్లో మొదట చూడాల్సింది గోడ మందం. ఏ చెట్టుదైనా కణగోడ పదార్థం సాంద్రత దాదాపు ఒకటే, ఘన సెంటీమీటరుకు సుమారు 1.5 గ్రాములు. బూరుగు కర్ర తేలికగా, తుమ్మ కర్ర బరువుగా ఉండటానికి కారణం పదార్థంలో తేడా కాదు, కర్రలో గోడ ఎంత, ఖాళీ ఎంత అన్న లెక్క. ఆరిన టేకు సాంద్రత ఘన సెంటీమీటరుకు 0.65 గ్రాముల ప్రాంతంలో ఉంటుంది. అంటే కర్రలో గోడ నలభై శాతం పైచిలుకు, మిగతాదంతా ఖాళీ. నార గోడ ఒకటి రెండు మైక్రాన్లు మందమైనా, నాళాలు కాస్త తగ్గినా, ఆ లెక్క మారి కర్ర బరువు, గట్టిదనం మారతాయి. ఒక ప్రాంతపు టేకు బరువని, మరో ప్రాంతపుది తేలికని అంటే కణాల దగ్గర జరిగేది ఇదే.

రెండో సంగతి ఇంత తేలిగ్గా కంటికి దొరకదు. నార గోడలో సెల్యులోజ్ పోగులు చుట్టుకుని ఉంటాయి. అవి నార పొడవు వెంట నిటారుగా ఉంటే కర్ర వంగకుండా నిలుస్తుంది, ఆరినప్పుడు పొడవులో దాదాపు కుంచించుకోదు. పోగులు బాగా వాలి ఉంటే కర్ర మెత్తగా ఉంటుంది, ఆరేటప్పుడు మెలితిరుగుతుంది. ఒకే బరువున్న రెండు చెక్కల్లో ఒకటి తలుపుగా నిలిచి, మరొకటి బిర్రబిగిసి గుమ్మంలో ఇరుక్కుపోవడానికి ఈ వాలు కూడా ఒక కారణం.

ఒక్క చెట్టులోనే ఎన్నో రకాల కర్ర

ప్రాంతాల పోలికలో తరచూ పొరపాటు జరిగేది ఇక్కడే. చెట్టు మొదటి ఏళ్లలో, దవ్వ (మాను నట్టనడుమ ఉండే మెత్తని భాగం) చుట్టూ వేసుకునే కర్ర వేరు, ముదిరాక బెరడు కింద వేసుకునే కర్ర వేరు. దవ్వ దగ్గర నారలు పొట్టిగా ఉంటాయి, గోడలు పలచన, పోగుల వాలు ఎక్కువ. బయటికి వెళ్లేకొద్దీ నార పొడుగవుతుంది, గోడ మందమవుతుంది, పోగులు నిటారవుతాయి. కొన్నేళ్లకు ఈ మార్పు నెమ్మదించి, కొలతలు ఒక స్థాయిలో నిలకడగా ఉంటాయి. టేకులో ఇలా నిలకడ రావడానికి ఇంచుమించు 15 నుంచి 25 ఏళ్లు పడుతుంది. అంతకుముందు వేసుకున్నదంతా లేత కర్ర కిందే లెక్క.

కారణం బెరడు కింద ఉండే విభాజ్య కణావళి. కర్ర కణాలన్నిటినీ పుట్టించేది ఈ పలచని పొరే. చెట్టు వయసుతోపాటు ఆ పొరలోని తల్లికణాలు కూడా పొడుగవుతాయి, వాటి నుంచి పుట్టే నారలూ పొడుగవుతాయి. పుట్టిన తర్వాత నార తన కొసలతో పక్క కణాల మధ్యలోకి చొచ్చుకుపోతూ మరికొంత సాగుతుంది. పన్నెండేళ్ల చెట్టులో ముదురు నార కావాలంటే దొరకదు. ఆ చెట్టు ఇంకా ఆ దశకే రాలేదు.

కాబట్టి నీలంబూరు తోటలోని ఎనభై ఏళ్ల చెట్టు బయటి చెక్కను, ఖమ్మం రైతు గట్టున ఉన్న పదిహేనేళ్ల చెట్టు చెక్కను పక్కపక్కన పెట్టి, నీలంబూరు టేకే గట్టిదని తేల్చేస్తే అక్కడ పోల్చింది ప్రాంతాలను కాదు, వయసులను. సరైన పద్ధతి వేరు. ఛాతీ ఎత్తున, అంటే నేల నుంచి 1.37 మీటర్ల దగ్గర, లోపల బోలుగా ఉండే తొలిచే పనిముట్టుతో బెరడు నుంచి దవ్వ దాకా సన్నటి కర్రపుల్ల తీస్తారు. దాని మీద వలయాలు లెక్కపెట్టి, ఏ వలయంలో నార ఎంతుందో చూసి, ఒకే వయసు వలయాలను ఒకదానితో ఒకటి పోలుస్తారు. ఇందులోనూ ఒక చిక్కుంది. వానాకాలం మధ్యలో ఎండ కాసి మళ్లీ వానలు పడితే టేకు అదే ఏడాదిలో రెండో వలయం వేయగలదు. దొంగ వలయాన్ని లెక్కలో కలిపేస్తే వయసే తప్పుతుంది.

విత్తనమా, నేలా?

వయసు సమం చేశాక కూడా ప్రాంతాల మధ్య తేడా మిగిలిందనుకుందాం. అది పుట్టుకతో వచ్చిందా, పెరిగిన నేలతో వచ్చిందా? అడవిలో చెట్టును చూసి ఇది చెప్పలేం. నీలంబూరు చెట్టుకు నీలంబూరు విత్తనమూ ఉంది, నీలంబూరు వానా ఉంది, రెండూ కలిసే ఉన్నాయి. వాటిని విడదీయాలంటే అన్ని ప్రాంతాల విత్తనాన్నీ తెచ్చి ఒకే తోటలో, ఒకే నేలలో, ఒకే రోజుల్లో నాటాలి. ఒక్కో రకాన్ని తోటలో నాలుగైదు చోట్ల చిన్న చిన్న మళ్లుగా, చీటీ తీసినట్టు ఏ వరుసా లేకుండా వేస్తారు, మూలన ఉన్న మంచి మట్టి ఒక్క రకానికే కలిసిరాకుండా. అప్పుడు రకాల మధ్య కనిపించే తేడాను విత్తనానికి అంటగట్టవచ్చు.

టేకు మీద ఇలాంటి అంతర్జాతీయ ప్రయోగాలు 1970ల్లో డెన్మార్క్ విత్తన కేంద్రం చొరవతో మొదలయ్యాయి. భారత్, థాయిలాండ్, లావోస్, ఇండోనేషియా విత్తనాలతోపాటు ఆఫ్రికా తోటల విత్తనాలను కూడా పలు దేశాల్లో నాటి, తొమ్మిదేళ్ల దగ్గర ఒకసారి, పదిహేడేళ్ల దగ్గర మరోసారి కొలిచారు. మన దేశంలో కేరళలోని పీచీ అటవీ పరిశోధన సంస్థ, కోయంబత్తూరులోని అటవీ జన్యు సంస్థ టేకు కర్ర మీద ఏళ్లుగా పనిచేస్తున్నాయి.

ఈ తరహా ప్రయోగాలన్నిటినీ కలిపి చూస్తే ఒక తీరు కనిపిస్తుంది. ప్రాంతాల మధ్య పెద్ద తేడా వచ్చేది పెరుగుదలలో, మాను తీరులో. టేకు కొమ్మ చివర పూత వచ్చిందంటే ఆ కొమ్మ నిటారుగా ఎదగడం అక్కడితో ఆగి పంగ పడుతుంది. మొదటి పూత ఏ వయసులో వస్తుందన్నది చాలా వరకు పుట్టుకతో వచ్చే గుణం. త్వరగా పూచే రకానికి పంగ కిందే పడి, నిటారు మాను పొట్టిగా మిగులుతుంది. దూలం పొడవు ఎంత వస్తుందో అక్కడే నిర్ణయమైపోతుంది. నార పొడవు, గోడ మందం విషయంలో మాత్రం ప్రాంతం వాటా అంత పెద్దది కాదు. కర్ర గుణాల్లో మొత్తం వైవిధ్యాన్ని పంచి చూస్తే సాధారణంగా పెద్ద భాగం ఒకే చెట్టులో దవ్వకూ బెరడుకూ మధ్య ఉంటుంది. తర్వాతది ఒకే ప్రాంతపు చెట్టుకూ చెట్టుకూ మధ్య. ప్రాంతానికీ ప్రాంతానికీ మధ్య మిగిలేది వీటి తర్వాతే.

దీనర్థం ప్రాంతాల తేడా లేదని కాదు. సగటున తేడా ఉంది, కానీ ఆ సగటు చుట్టూ చెట్టుకూ చెట్టుకూ తేడా ఇంకా ఎక్కువ. ఒక్కో ప్రాంతం నుంచి ఒక్కో దుంగ తెచ్చి పోల్చితే ఏ ఫలితమైనా రావచ్చు. అడితిలో నడిచే పోలికలు చాలావరకు ఇలాంటివే.

వాన తక్కువైతే నాళం సన్నం

మరి ఆ సగటు తేడా ఎందుకొచ్చింది? వేసవిలో నేల ఎండి, ఆకు ఇంకా నీళ్లు లాగుతుంటే నాళంలోని నీటి స్తంభం మీద లాగుడు పెరుగుతుంది. ఒక హద్దు దాటితే స్తంభం తెగి, నాళంలో గాలిబుడగ నిండుతుంది, ఆ నాళం ఇక పనికిరాదు. వెడల్పు నాళం ఎక్కువ నీరు మోస్తుంది, కానీ ఇలా దెబ్బతినే అవకాశమూ దానికే ఎక్కువ. అందుకే పొడి చోట్ల చెట్లలో నాళాలు సన్నగా ఉండటం చాలా జాతుల్లో కనిపించే తీరు. నీటికి కొదవలేని చోట వెడల్పు నాళాలతో వేగంగా పెరగడమే చెట్టుకు లాభం.

టేకుకు ఆకు రాల్చే అలవాటు ఉండటం వల్ల ఈ లాగుడు కొంత తప్పుతుంది. ఆదిలాబాద్ అడవిలో చెట్టు వేసవికి ముందే బోడిగా నిలబడుతుంది. నైరుతి వచ్చాక నాలుగు నెలలు గబగబా కర్ర వేసుకుని, వానలు ఆగగానే మళ్లీ నిద్రకు సిద్ధమవుతుంది. నీలంబూరుకు నైరుతితోపాటు ఈశాన్య రుతుపవనాల తడి కూడా అందుతుంది కాబట్టి కర్ర వేసే రోజులు అక్కడ ఎక్కువ. ఎప్పుడు చిగురించాలి, ఎప్పుడు ఆకు రాల్చాలి అన్న లెక్కలో కొంత పుట్టుకతోనే వస్తుంది. తేమ ప్రాంతపు విత్తనాన్ని పొడి నేలలో నాటితే అది తన పాత అలవాటు కొద్దీ ఆకును ఆలస్యంగా వదిలి నష్టపోవచ్చు. పొడి ప్రాంతపు విత్తనాన్ని తేమ నేలలో నాటితే బతుకుతుంది, కానీ దొరికిన నీటినంతా వాడుకోకుండా నింపాదిగా పెరుగుతుంది. రకానికీ నేలకూ మధ్య ఈ పొంతన వల్లే ఒక చోట మొదటి ర్యాంకు తెచ్చుకున్న విత్తనం మరో చోట వెనకబడుతుంది.

నిదానంగా పెరిగితేనే గట్టిదా?

అణిగి పెరిగిన చెట్టే గట్టి కర్ర ఇస్తుందని, తోటలో ఎరువు, నీళ్లు పెట్టి పెంచినది బెండులా ఉంటుందని గట్టి నమ్మకం ఉంది. దేవదారు, పైన్ లాంటి చెట్ల విషయంలో ఇందులో నిజముంది. టేకు నిర్మాణం వేరు. ఏటా సీజన్ మొదట్లో వేసే పెద్ద నాళాల పట్టీ వెడల్పు దాదాపు ఒకేలా ఉంటుంది. ఏడాది బాగుంటే పెరిగేది దాని వెనకొచ్చే నారల పట్టీ. ఏడాది గడ్డుగా ఉంటే ఆ నారల పట్టీయే కుంచించుకుపోయి, ఒక నాళాల వరుస మీద ఇంకో నాళాల వరుస వచ్చి పడుతుంది. వలయాలు మరీ సన్నగా, వెంట్రుకల్లా ఉన్న టేకు నిజానికి తేలికగా, పెళుసుగా ఉండొచ్చు.

వేగంగా పెరిగిన తోట టేకు సాంద్రతలో అడవి టేకుకు పెద్దగా తీసిపోదని కేరళలో జరిగిన పరిశోధనలు కూడా చెప్పాయి. తోట టేకుకు ఉన్న అసలు లోటు వేగం కాదు, వయసు. పదిహేనేళ్లకే నరికిన చెట్టు ఎంత లావున్నా అందులో లేత కర్రే ఎక్కువ, చేవ (మాను లోపలి ముదురు రంగు కర్ర) తక్కువ. 1990ల్లో టేకు బాండ్ల పేరుతో డబ్బు వసూలు చేసిన ప్లాంటేషన్ కంపెనీల లెక్కలు చాలా చోట్ల తప్పడానికి ఇది కూడా కొంత కారణం. ఇరవై ఏళ్ల చెట్టును అరవై ఏళ్ల చెట్టు ధరకు అమ్ముతామని కాగితం మీద రాసుకోవచ్చు, కొనేవాడు మాత్రం దుంగ కొసన చేవ చూసే బేరమాడతాడు.

రంగు, చెద: ఇది నారల పని కాదు

ఆదిలాబాద్ టేకు అనగానే గులాబీ ఛాయ గుర్తొస్తుంది. మధ్య భారత పొడి అడవుల కర్రలో ముదురు చారలు, వాటి వల్ల వచ్చే అందం కూడా పేరున్నవే. వీటిని నారల కొలతలతో కలిపి మాట్లాడుతుంటారు, నిజానికి రెండూ వేర్వేరు. రంగు, మన్నిక చేవలో పేరుకునే రసాయనాల వల్ల వస్తాయి. చెట్టు లోపలి కణాలు చచ్చిపోయే ముందు నిల్వ ఉన్న పిండిపదార్థాన్ని ఖర్చుపెట్టి టెక్టోక్వినోన్ వంటి పదార్థాలను తయారుచేస్తాయి. చెదను, బూజును ఆపేవి అవే. టేకును చిత్రిక పట్టినప్పుడు చేతికి తగిలే జిడ్డుకు కారణం కర్రలోని రబ్బరులాంటి పదార్థం, నూనెలు. కర్రలో ఇసుక రేణువుల్లా ఉండే సిలికా రంపం పళ్లను త్వరగా అరగదీస్తుంది, సామిల్లుల్లో ఇది రోజూ వినిపించే ఫిర్యాదే.

ఈ విషయంలో మాత్రం నేల, వాన ప్రభావం బాగా కనిపిస్తుంది. కేరళలో ఇళ్ల చుట్టూ పెంచిన టేకును పరిశీలించినప్పుడు, బాగా తడిగా ఉండే చోట్ల కర్ర పాలిపోయినట్టు ఉండటం, బూజుకు తట్టుకునే శక్తి తగ్గడం కనిపించాయి. పొడి నేల కర్ర ముదురు రంగులో ఉంది. పెరటి బోరు నీళ్లతో ఏడాదంతా తడిసే టేకు లావెక్కుతుంది కానీ ముదురు రంగు రావడానికి సమయం తీసుకుంటుంది. గుమ్మానికి కర్ర కొనేవారికి నార పొడవు కన్నా ఈ సంగతే ఎక్కువ పనికొస్తుంది. చేవ చుట్టూ ఉండే తెల్ల చెక్కకు మాత్రం ఏ ప్రాంతపు టేకైనా ఈ రక్షణ ఉండదు. చెద పట్టాలంటే అక్కడే పడుతుంది.

జామాయిల్‌కు లెక్క వేరు

నార కొలతలకు నేరుగా డబ్బు విలువ ఉన్నది కాగితం మిల్లుల్లో. జామాయిల్ నార టేకు నార కన్నా పొట్టి, మిల్లీమీటరుకు కాస్త తక్కువే. అయినా కాగితానికి జామాయిలే ఎందుకంటే, అక్కడ పొడవుతోపాటు నార ఎంత తేలిగ్గా చదునవుతుందన్నది ముఖ్యం. గోడ పలచగా, లోపలి ఖాళీ వెడల్పుగా ఉన్న నార నలిగి, పక్క నారకు అతుక్కుంటుంది. రెండు వైపుల గోడ మందాన్ని కలిపి లోపలి ఖాళీ వెడల్పుతో భాగిస్తే వచ్చే సంఖ్య ఒకటి కన్నా తక్కువ ఉంటే కాగితానికి మేలైన నార అని లెక్క. భద్రాచలం ప్రాంతంలో 1980ల చివర మొదలైన జామాయిల్ క్లోన్ల కార్యక్రమం దిగుబడితోపాటు గుజ్జు గుణాలను కూడా చూసి చెట్లను ఎంచింది. అక్కడ ప్రాంతం అనే ప్రశ్నే పక్కకు పోయింది. ఎంచిన ఒక్క చెట్టునే కొమ్మ కత్తిరింపులతో లక్షలుగా పెంచుతారు కాబట్టి విత్తనం ఏ ఊరిదన్న గొడవ ఉండదు.

నాలుగైదేళ్లకు నరికే జామాయిల్‌లో ఇది సాధ్యమైంది. టేకులో ఒక ఎంపిక సరైనదో కాదో తెలియడానికి ఇరవై ఏళ్లు ఆగాలి. ఈ వేచిచూడటాన్ని తగ్గించడానికే లేత వయసు కొలతల నుంచి ముదురు కర్రను అంచనా వేసే ప్రయత్నాలు నడుస్తున్నాయి. చెట్టు లావు కన్నా కర్ర సాంద్రత తల్లి నుంచి పిల్లకు నమ్మకంగా వస్తుంది కాబట్టి, ఈ దారిలో కొంత ఆశ ఉంది.

రైతుకు, అడవికి

నర్సరీలో స్టంపు (నాటడానికి కాండం, వేరు కత్తిరించిన మొక్క) కొనే రైతుకు ఈ చర్చ నుంచి దక్కేది ముందుగా ఒక జాగ్రత్త. వాన తక్కువ పడే తెలంగాణ, రాయలసీమ నేలల్లో తేమ ప్రాంతపు రకాన్ని పేరు చూసి నాటడం కన్నా, అలాంటి వానల్లోనే పెరిగిన తల్లిచెట్ల విత్తనం నయం. గోదావరి ఒడ్డున, కాలువ కింద పొలాల్లో తేమ ప్రాంతపు రకం వేగంగా రావచ్చు. టిష్యూ కల్చర్ మొక్క అన్నంత మాత్రాన మేలు రకమని అనుకోనక్కర్లేదు. ఆ పద్ధతి తల్లిచెట్టును నకలు తీస్తుంది, తల్లిచెట్టు ఎలాంటిదన్నదే అడగాల్సిన ప్రశ్న. ఇక ఏ రకం నాటినా, కర్రకు ధర వచ్చేది లేత దశ దాటి మరో పదేళ్లు నిలిపినప్పుడే. పిల్ల పెళ్లికని పదిహేనో ఏట నరికే గట్టు టేకు విషయంలో ప్రాంతం పేరుకు పెద్దగా అర్థం లేదు.

అడవి సంగతి ఇంకొంచెం క్లిష్టం. గోదావరి లోయ టేకుకు గిరాకీ ఈనాటిది కాదు. 17వ శతాబ్దంలోనే ఈ కలప నది మీద తేలివచ్చి నరసాపురం దగ్గర ఓడలుగా మారేది. శతాబ్దాల పాటు నిటారుగా, లావుగా ఉన్న చెట్లనే ముందు కొట్టుకుంటూ పోతే అడవిలో విత్తనం వేయడానికి మిగిలేవి వంకరవి, పంగలు పడ్డవి. దీనికి తోడు అడవి పక్కనే దూరప్రాంతపు విత్తనంతో తోటలు వేస్తే తేనెటీగలు, ఇతర కీటకాలు పుప్పొడిని ఇటూ అటూ చేరుస్తాయి. టేకు ఎక్కువగా పరపరాగ సంపర్కం మీద ఆధారపడే చెట్టు కాబట్టి, స్థానిక వంశం కొన్ని తరాల్లోనే కలిసిపోతుంది. పొడి వాతావరణానికి వేల ఏళ్లుగా అలవాటుపడిన గుణాలు అలా పలచబడితే, వానలు ఇంకా అటూ ఇటూ అయ్యే కాలంలో వాటిని మళ్లీ వెతుక్కోవడం కష్టం. కవ్వాల్ అడవులను 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించింది పులుల కోసమే అయినా, దానితోపాటు ఆదిలాబాద్ టేకు తల్లిచెట్లు కొన్ని వేటుకు దూరంగా ఉన్నాయి. వాటి నుంచి విత్తనం సేకరించి, తెలంగాణలోనూ బయటా రెండు మూడు రకాల నేలల్లో నీలంబూరు, చంద్రపూర్ రకాల పక్కన నాటి పాతికేళ్లు కొలిస్తే తప్ప, అడితిలో వినిపించే ఆదిలాబాద్ పేరులో విత్తనం వాటా ఎంతో, నేల వాటా ఎంతో అంకెల్లో చెప్పడం వీలుకాదు.